పేర్లు చెక్కడానికి నూటయాభై ఏళ్లు!

దాదాపు నాలుగు టన్నుల గ్రానైట్ రాయి. 1862 డిసెంబరు 26న ఇక్కడ 38 మంది సూ ఇండియన్లను ఉరితీశారని... అంతే, దానిమీద ఉన్నది ఆ ఒక్క ముక్కే. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో మంకేటో అనే చిన్న పట్టణంలో 1912లో పెట్టారు దాన్ని. పైగా 'సూ' అన్నది బయటివాళ్లు పెట్టిన పేరు. వాళ్లు చెప్పుకునేది 'డకోటా' అని.

ఎందుకు ఉరితీశారో రాయి చెప్పదు. ఒప్పందాల పేరుతో భూములు తీసుకున్న ప్రభుత్వం, ఇస్తానన్న డబ్బు వేళకి ఇవ్వలేదు. ఆకలికి తాళలేక 1862 ఆగస్టులో డకోటాలు కొందరు తిరగబడ్డారు. వలస వచ్చి స్థిరపడిన కుటుంబాలవాళ్లు వందలమంది చనిపోయారు. ఆ చావులూ చిన్నవేం కాదు. కానీ తర్వాత జరిగింది విచారణ అనాలంటే నోరు రాదు. నిందితుల తరఫున వకీలు లేడు. కొన్ని కేసులైతే ఐదు నిమిషాలు కూడా సాగలేదు. 303 మందికి మరణశిక్ష! అధ్యక్షుడు లింకన్ కాగితాలు తెప్పించుకుని చూశాక మిగిలింది 39 మంది. ఆఖర్లో ఒకరు తప్పించుకున్నారు. క్రిస్మస్ మర్నాడు మిగతావాళ్లందరినీ ఒకే వేదికపై ఉరితీశారు. అమెరికా చరిత్రలో ఒకేసారి అంతమందిని ఉరితీసింది అదొక్కసారే.

1971లో ఆ రాయిని తీసేశారు. తర్వాత అది ఎటు పోయిందో తెలీదు. అంత బండ మాయమవడం విడ్డూరమే!

2012లో, సరిగ్గా 150 ఏళ్లు నిండిన రోజున, ఆ పరిసరాల్లోనే కొత్త స్మారకం వెలిసింది. విప్పిన తోలుచుట్టలా ఉంటుంది. దానిమీద ఈసారి 38 పేర్లు. ఎదురుగా ఊరి గ్రంథాలయం. పుస్తకాలకోసం వచ్చే పిల్లలు రోడ్డు దాటితే చాలు, చదువుకోవచ్చు.