పొగబండి బొమ్మల పుస్తకాలు

పిల్లల కోసం అచ్చయిన పాత రైలు బొమ్మల పుస్తకాలను సేకరించేవారు కథల కోసం వెతకరు. కథ ఏ కొత్త ముద్రణలోనైనా దొరుకుతుంది. దొరకనిది, ఒకప్పుడు ఒక చిత్రకారుడు గీసి, తర్వాతి ముద్రణల్లో మరొకరి బొమ్మలకు చోటిచ్చి కనుమరుగైన తొలి రూపం. మాట చెప్పకుండా వదిలిన సగాన్ని బొమ్మ పూరించే పుస్తకమే బొమ్మల పుస్తకం కనుక, బొమ్మలు మారితే, వాక్యాల్లో ఒక్క అక్షరం మారకపోయినా, పిల్లవాడి చేతిలోని పుస్తకం వేరైపోతుంది.

లివర్‌పూల్-మాంచెస్టర్ రైలు మార్గం 1830లో తెరుచుకున్నాక, ఒక తరం గడిచేసరికి ఇంగ్లండులో రైలు పిల్లల పుస్తకాల్లోకి చేరింది. 1865లో వాల్టర్ క్రేన్ రైల్వే విషయాలతో కూర్చిన ఒక అక్షరమాల పుస్తకానికి బొమ్మలు గీశాడు. ఆయన బొమ్మలను అచ్చువేసిన ఎడ్మండ్ ఎవాన్స్, గట్టి చెక్క దిమ్మల మీద బొమ్మను చెక్కించి, రంగుకొక దిమ్మ చొప్పున ఒకే కాగితాన్ని పలుమార్లు అచ్చుయంత్రం కిందికి పంపేవాడు. దిమ్మ వెంట్రుకవాసి జరిగినా ఎరుపు తన గీత దాటి పక్కనున్న నలుపు మీదికి పాకుతుంది. భూతద్దం కింద కనిపించే ఆ చిన్న తేడా అచ్చుపని చేసిన చేతులకు మిగిలిన ఆనవాలు కాబట్టి, సేకర్తలు దాన్ని లోపంగా ఎంచకపోవడం న్యాయమే.

అమెరికాలో ఎక్కువ మందికి తెలిసిన రైలు కథ ‘ది లిటిల్ ఇంజిన్ దట్ కుడ్’. వాటీ పైపర్ అనే కలంపేరుతో 1930లో వెలువడిన ఆ పుస్తకానికి లోయిస్ లెన్స్కీ బొమ్మలు గీయగా, 1954లో జార్జ్, డోరిస్ హామన్ దంపతులు కొత్త బొమ్మలు వేశారు. ఆ తర్వాత పెరిగిన తరాలకు హామన్ దంపతుల నీలి ఇంజనే బాగా పరిచయం. నవలాకారుడు గ్రాహం గ్రీన్ రాసిన ‘ది లిటిల్ ట్రెయిన్’ 1946లో తొలిసారి వెలువడినప్పుడు దాని మీద చిత్రకారిణి డొరొతీ క్రేగీ పేరు తప్ప గ్రీన్ పేరు లేదు. 1973లో అదే కథకు ఎడ్వర్డ్ ఆర్డిజోన్ మళ్లీ బొమ్మలు గీశాడు. వర్జీనియా లీ బర్టన్ తన కొడుకు కోసం చేసిన ‘చూ చూ’ (1937) మాత్రం ప్రత్యేకంగా చెప్పుకోదగినది. అందులో పారిపోయే ఇంజనును ఆమె బొగ్గు మసిలాంటి చిక్కటి నలుపుతో గీసింది. బొగ్గు తిని పొగ కక్కే యంత్రానికి అంతకంటే తగిన రంగు లేదు.

బొమ్మకు, కథకు మధ్య జరిగిన పెనుగులాట అన్నిటికంటే స్పష్టంగా కనిపించేది ఇంగ్లండులో వెలువడిన ‘రైల్వే సిరీస్’లో. తట్టు సోకి మంచం పట్టిన కొడుకు క్రిస్టఫర్‌కు చెప్పిన కథలను ఆంగ్లికన్ మతాచార్యుడైన విల్బర్ట్ ఆడ్రీ 1945లో ‘ది త్రీ రైల్వే ఇంజిన్స్’గా అచ్చువేయించాడు. ఎడమ పుటలో కథ, కుడి పుటలో రంగుల బొమ్మ ఉండే చిన్న అడ్డం పుస్తకం అది. విలియం మిడిల్టన్ గీసిన తొలి బొమ్మలను తర్వాత తొలగించి, సి. రెజినాల్డ్ డాల్బీ చేత కొత్తగా గీయించారు. డాల్బీ రంగులు నిండుగా, మెరుగ్గా ఉంటాయి. పిల్లలు ఆ బొమ్మలను ప్రేమించారు. అయితే చక్రాల అమరిక నుంచి బాయిలరు ఆకారం దాకా ఇంజన్లను ఎరిగిన ఆడ్రీకి ఆ బొమ్మల్లోని పొరపాట్లు మింగుడుపడలేదు. హెన్రీ అనే ఆకుపచ్చ ఇంజను, గోర్డన్ అనే నీలి ఇంజను ఒకే అచ్చులో పోసినట్టు కనిపించడంతో, రచయిత 1951 నాటి పుస్తకంలో హెన్రీ లాగుతున్న చేపల బండికి ప్రమాదం జరిపించి, దాన్ని క్రూ పట్టణంలోని కర్మాగారానికి పంపి, కొత్త రూపంతో వెనక్కి రప్పించాడు. చిత్రకారుడి పొరపాటును దిద్దడానికి రచయిత ఒక రైలు ప్రమాదాన్నే కల్పించవలసివచ్చింది! చివరకు 1956లో పర్సీ అనే చిన్న ఇంజను బొమ్మ మీద తేడా వచ్చి డాల్బీ తప్పుకోగా, జాన్ కెన్నీ, ఆ తర్వాత పీటర్ ఎడ్వర్డ్స్, గున్వర్ ఎడ్వర్డ్స్ ఆ పని అందుకున్నారు. కెన్నీ ఇంజన్లు నిజమైన ఇంజన్లకు దగ్గరగా ఉంటాయి. ఆడ్రీ పట్టుదల ఎంత సబబో తెలియాలంటే డాల్బీ బొమ్మను, కెన్నీ బొమ్మను పక్కపక్కన పెట్టి చూడాలి. అందుకు పాత ప్రతులు రెండూ చేతిలో ఉండాలి.

తొలి ప్రతిని పోల్చుకోవడానికి సేకర్తలు డస్ట్ జాకెట్‌ను, అంటే గట్టి అట్టకు పైన తొడిగిన కాగితాన్ని, పరిశీలిస్తారు. 1948 నాటి పుస్తకపు తొడుగు మీద 1956లో వచ్చిన పుస్తకం పేరు కనిపిస్తే, ఆ తొడుగు మొదటి ముద్రణది కాదని తేలిపోతుంది. పిల్లలు మొదట చింపేది ఈ తొడుగునే కాబట్టి అది నిలిచిన ప్రతులకు ధర ఎక్కువ. చిరిగిన పుటకు సెల్లోఫేన్ టేపు అతికించడం మాత్రం పెద్ద అపకారం: దాని జిగురు కొన్నేళ్లకు పసుపుపచ్చగా మారి బొమ్మలోకి ఇంకుతుంది, ఆ మరక పోదు. పిల్లవాడు పెన్సిలుతో గీసిన గీతలను సైతం చెరపకుండా ఉంచడమే మేలు. ఆ పుస్తకం ఎవరికోసం పుట్టిందో వారి చేతికి చేరిందనడానికి వేరే సాక్ష్యం ఉండదు.

హైదరాబాదులో ఆదివారాలు ఆబిడ్స్ పేవ్‌మెంటు మీద పరిచే పాత పుస్తకాల్లో విదేశీ పిల్లల పుస్తకాలు కూడా కనిపిస్తుంటాయి. అక్కడ రైలు బొమ్మ అట్ట ఏదైనా చేతికి వస్తే, ధర అడిగే ముందు లోపలి పుట తిప్పి చిత్రకారుడి పేరు, ముద్రణ సంవత్సరం చూడండి.