పులికాట్ దాటి రాకెట్ చూసొచ్చాం

మా మార్కాపురం వాళ్లం ఊరు కదిలితే దోర్నాల మీదుగా శ్రీశైలం, లేదంటే తిరుపతి. రాకెట్ చూడ్డానికి వెళ్తానని నేనైతే కల్లో కూడా అనుకోలేదు.

ఎనిమిదో తరగతి చదివే మా అమ్మాయి పోరు పడలేక 2022 ఆగస్టులో బయల్దేరాం. గిద్దలూరు నుంచి మా ఆడపడుచు కూతురూ వచ్చింది. పులిహోర, పెరుగన్నం కట్టుకుని బస్సులో ఒంగోలు, అక్కణ్ణించి రైల్లో సూళ్లూరుపేట. ముందురోజే చేరి చెంగాళమ్మ తల్లిని దర్శించుకున్నాం. ఇస్రో పెద్దలు కూడా ప్రయోగానికి ముందు ఈ తల్లికి మొక్కుకుంటారు.

మర్నాడు, 7వ తేదీ ఆదివారం, పులికాట్ సరస్సు మధ్యగా పోయే రోడ్డు మీద శ్రీహరికోట చేరాం. ప్రయోగం చూసే గ్యాలరీకి ముందే ఇంటర్నెట్‌లో పేర్లు నమోదు చేసుకోవాలి. గుర్తింపు కార్డు మరచిపోకండి.

9 గంటల 18 నిమిషాలకు 34 మీటర్ల ఎస్.ఎస్.ఎల్.వి. లేచింది. ముందు వెలుగు కనబడింది, చప్పుడు తర్వాత వచ్చి గుండెల్లో తాకింది. అందులో 8 కిలోల ఆజాదీశాట్ ఉంది. చెన్నైలోని స్పేస్ కిడ్జ్ ఇండియా వాళ్లు నేర్పగా, 75 ప్రభుత్వ బడుల ఆడపిల్లలు 750 మంది దానికి 75 చిన్న పరికరాలు తయారుచేశారు. ఒక్కోటి సుమారు 50 గ్రాములు, మన నిమ్మకాయంత బరువన్నమాట!

ఆ రోజే చెడ్డవార్త తెలిసింది. 356 కిలోమీటర్ల ఎత్తున గుండ్రంగా తిరగాల్సింది, ఒకవైపు 76 కిలోమీటర్లకు దిగే దారిలో పడిందట. అంత కిందికొస్తే గాలి రాపిడికి నిలవదు. పిల్లలిద్దరూ కళ్లనీళ్లు పెట్టుకున్నారు. "ఇందుకే ఇవన్నీ మనకెందుకు, బుద్ధిగా చదువుకోండి" అనేశాను.

ఆ మాటకి తర్వాత సిగ్గుపడ్డాను. ఆడపిల్లల చేత మళ్లీ చేయించిన ఆజాదీశాట్-2 2023 ఫిబ్రవరి 10న సరైన కక్ష్యలో చేరింది!

ఆ వారమే మా అమ్మాయి సైకిల్ పంపు అడిగింది. ఈసారి కసరలేదు. కూల్‌డ్రింక్ ప్లాస్టిక్ సీసాలో మూడోవంతు నీళ్లు పోసి, బంతికి గాలికొట్టే సూది గుచ్చిన బిరడా బిగించి, ఆరుబయట తలకిందులుగా నిలబెట్టాం. గాలి కొడితే లోపలి ఒత్తిడికి నీళ్లు కిందికి చిమ్ముతాయి, సీసా పైకి పోతుంది. పెద్దవాళ్లు దగ్గరుండాలి, సీసా మీదికి వంగకూడదు.

మొదటిసారి బిరడా కారి నా చీరంతా తడిసింది.

"పోయిందమ్మా!" అంది.

"పోతే పోనీ, గట్టిగా బిగించి మళ్లీ కొట్టు" అన్నాను.

రెండోసారి పిట్టగోడ దాటింది!

తొమ్మిదో తరగతి పిల్లల కోసం ఇస్రో 2019లో 'యువిక' శిక్షణ మొదలుపెట్టింది. ఎంపికలో పల్లె బడుల పిల్లలకు అదనపు మార్కులుంటాయి. మీ ఇంట్లో అలాంటి పిల్ల ఉంటే, "మనకెందుకు" అని మాత్రం అనకండి.