నకలు

2009లో అమెరికాలో చదువుతున్న ఒక తెలుగు విద్యార్థికి విశ్వవిద్యాలయం నుండి హెచ్చరిక అందింది. వసతిగృహంలోని అతని కంప్యూటర్ ద్వారా ఒక చలనచిత్రం అక్రమంగా పంపిణీ అవుతున్నదని హక్కుదారుల ఫిర్యాదు. అందుకు ఆధారం 1998 నాటి డిజిటల్ మిలీనియం కాపీరైట్ చట్టం.

"చూడడానికి దించుకున్నానే గాని, ఎవరికీ ఇవ్వలేదే!" అని అతడు నివ్వెరపోయాడు. టారెంట్ పద్ధతిలో ఫైలును దించుకొనే కంప్యూటరే, అందిన భాగాలను అప్పటికప్పుడు ఇతరులకు పంపుతుంటుందని అతనికి తెలియదు.

స్వగ్రామంలోని తండ్రికి ఫోనులో ఈ సంగతి చెప్పుకున్నాడు. ఆయన ఒకప్పటి పద్యనాటక నటుడు. కొంతసేపు మౌనం వహించి ఇలా అన్నాడు: "నా పద్యాల క్యాసెట్ వెలువడిన నెలకే సంతలో నకళ్లు వచ్చాయిరా. టీ కొట్టులో నా గొంతు వినిపిస్తే మురిసిపోయేవాణ్ణి. కానీ అసలు క్యాసెట్లు అమ్ముడుపోక, రెండోది వేయడానికి ఎవరూ ముందుకు రాలేదు."

ప్రదర్శన కళాకారుల హక్కును మన కాపీరైట్ చట్టంలో చేర్చినది 1994 నాటి సవరణ. ఆయన క్యాసెట్ అంతకు పూర్వపుది.

ఆ రాత్రి కుమారుడు చిత్రాన్ని తొలగించి, క్షమాపణ లేఖ వ్రాశాడు. ఆనాడు తండ్రి పంపలేకపోయిన హెచ్చరికే ఈనాడు తన చేతికి వచ్చినట్లు అతనికి తోచింది.