గుడారం ముందర

మామిడికాయల కాలం వచ్చిందంటే మా ధర్మపురి గాలికే సొన వాసన పడుతుంది. తోతాపురి కాయల లారీలు తెల్లారకముందే రోడ్డెక్కుతాయి. చాలా ఏళ్ల కిందట ఈ చుట్టుపక్కలే ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో నాకు షిఫ్టు సూపర్‌వైజరు ఉద్యోగం వచ్చింది. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం మాట్లాడుకునే కుటుంబం మాది. నా కింద నలభైమంది ఆడవాళ్లు. మాగిన కాయలు ఏరి, దెబ్బతిన్న చోట కత్తితో చెక్కి, బెల్టు మీదికి వేయడం వాళ్ల పని. సొన తగిలి వేళ్ల సందులు పొక్కిపోయేవి. రోజూ చేతులకు కొబ్బరినూనె పట్టించుకుని వచ్చేవాళ్లు.

మొదటి సీజనులోనే ఒక తప్పు చేశాను. ఒకామె మధ్యాహ్నం చెప్పకుండా వెళ్లిపోయిందని మేస్త్రీ అంటే నమ్మి, సగం రోజు కూలి కోశాను. శనివారం ఇచ్చిన డబ్బు లెక్కపెట్టుకుని ఆమె నా బల్ల దగ్గరికొచ్చింది. గొంతు పెంచలేదు. "అన్నా, వేలు తెగితే కట్టు కట్టించుకోను పోయినా. మేస్త్రీకి చెప్పే పోయినా. మీరు నన్నొక మాట అడిగుంటే సరిపోయుండేది గదా" అంది. బొటనవేలికి చుట్టిన గుడ్డ మీద పసుపు మరక ఇంకా పచ్చిగానే ఉంది. కూలి ఇప్పించాను, మేస్త్రీని మందలించాను. అయినా ఆ సీజనంతా ఆ నలభైమందిలో ఒక్కరూ పనిమాట తప్ప నాతో మరోమాట మాట్లాడలేదు. కోసిన కూలి ఒక్కరిదే, పోయిన నమ్మకం అందరిదీ.

ఆ దిగులులో ఉండగానే ఈస్టిండియా కుంపిణీ అధికారి థామస్ మన్రో జీవితం చదివాను. రాయలసీమ వాళ్లకు ఆయన తెలిసినవాడే. మా ఊళ్లో ఉన్నవాడని మాత్రం చాలామందికి తెలియదు. 1792లో టిపూ సుల్తాను మా ధర్మపురి ఉన్న బారామహల్‌ను కుంపిణీకి వదులుకున్నాక, ఇక్కడి పాలన చూసిన అలెగ్జాండర్ రీడ్‌కు సహాయకుడిగా ఈ సీమకు వచ్చాడు మన్రో. అప్పటికి ముప్పై ఒక్కేళ్ల సైనికుడు. 1799 దాకా ఇక్కడే ఉన్నాడు. జమీందారునీ ఇజారాదారునీ నడుమ పెట్టకుండా రైతుతోనే నేరుగా లెక్క తేల్చుకునే రైత్వారీ పద్ధతి ఈ నేలమీదే రూపు కట్టింది. బడిపుస్తకంలో అది భూమిశిస్తు పాఠం. నాకు మాత్రం ఆ శనివారం తర్వాత అందులో ఇంకో సంగతి కనిపించింది: నడుమనున్నవాడి మాట మీద మనిషి గురించి తీర్పు చెప్పకూడదు.

నడుమనున్నవాళ్లంతా చెడ్డవాళ్లని కాదు. మా మేస్త్రీ కూడా దుర్మార్గుడు కాడు. ఆ రోజు పనిలో మరిచిపోయి ఉంటాడు. కానీ మనిషి మొహం చూడకుండా రాసిన లెక్క ఎంత సరిగ్గా ఉన్నా అది సగం లెక్కే.

1800లో నిజాం కడప, బళ్లారి, అనంతపురం ప్రాంతాలను కుంపిణీకి దత్తం చేసినప్పుడు అక్కడి ప్రధాన కలెక్టరుగా మన్రోనే పంపారు. అనంతపురంలో ఆయన దినచర్య గురించి చదివిన మాటలు నాకు బొమ్మ కట్టినట్టు గుర్తున్నాయి. రాత్రి ఎంత పొద్దుపోయి పడుకున్నా తెల్లారేసరికి లేచేవాడట. నెత్తిన టోపీ లేకుండా ఆరుబయట పచార్లు చేసేవాడట. ఏదో ఒక సాకుతో ఆ వేళకు జనం కాచుకుని ఉండేవాళ్లు. నడుస్తూనే వాళ్లతో మాట్లాడేవాడు. ఏడింటికి ఫలహారం, ఆ తర్వాతే కచేరీ. కాగితం తెరవకముందే మనిషి గొంతు వినేవాడన్నమాట. జిల్లా తిరిగేటప్పుడు గుడారాల్లోనే కాపురం. ఇక్కడి భాషలు నేర్చుకున్నాడు కాబట్టే ఆ మాటలు దుబాసీ నోట వడగట్టుకుని రాలేదు.

ఆయన్ని దేవుణ్ణి చేయడం నాకిష్టం లేదు. ఆయన పరాయి పాలకుల మనిషి. ఆ ఏడేళ్లలో దత్తమండలాల శిస్తు సుమారు పది లక్షల వరహాల నుంచి పదిహేను లక్షలకు పెరిగింది. ఆ బరువు మోసింది రైతు వీపే. కానీ 1807లో, వెళ్లిపోయే ముందు, అదే మనిషి పైవాళ్లకు రాశాడు: శిస్తు ఎక్కువైంది, నూటికి 25 వంతులు తగ్గించండి, రైతే బాగుచేసుకునే బావుల కింది భూములకు ఇంకో 8 వంతులు తగ్గించండి అని. తాను వసూలు చేసిందే ఎక్కువని ఒప్పుకుంటూ రాయడం చిన్న విషయం కాదు. అప్పుడు పైవాళ్లు వినలేదు, ఊళ్లను గుత్తకిచ్చారు. 1820లో మద్రాసు గవర్నరుగా తిరిగొచ్చాకే ఆ తగ్గింపు అమలైంది. మధ్యలో పదమూడేళ్లు. కిందివాళ్ల దగ్గర గట్టిగా పని తీసుకునే మనిషి పైవాళ్ల దగ్గరా అంతే గట్టిగా ఆ కిందివాళ్ల మాట చెప్పాలి. తక్కెడ సమంగా నిలవడమంటే నాకు అర్థమైంది అదే.

1824 చివర్లో రాసిన మినిట్‌లో, అంటే అధికారిక అభిప్రాయపత్రంలో, ఇంకా లోతైన మాట చెప్పాడు. పెద్ద పదవులకు ఈ దేశస్థులను దూరం పెట్టి, వాళ్లలో నిజాయితీ లేదనడం అన్యాయమన్నాడు. నమ్మి బాధ్యత అప్పగిస్తే తప్ప నమ్మదగ్గ మనుషులు తయారు కారన్నది ఆయన వాదన.

రెండో సీజనులో నేను పొద్దున్నే ఆరింటికల్లా గేటు దగ్గర నిలబడడం మొదలుపెట్టాను. మొదటి వారం ఎవరూ పలకలేదు. తర్వాత ఒకామె కొడుకు పరీక్ష తప్పాడని చెప్పింది. ఇంకొకామె బస్సు మార్చారని చెప్పింది. మెల్లగా పని కబుర్లూ వచ్చాయి: ఫలానా తోట కాయలకు సొన ఎక్కువ, ఫలానా కత్తికి పిడి వదులైంది. రబ్బరు చేతి తొడుగులూ, మధ్యాహ్నం అదనంగా పావుగంట విరామమూ కావాలని పైన అడిగాను. తొడుగులు మరుసటేడు వచ్చాయి. పావుగంట నేనున్నన్నాళ్లూ రాలేదు. అడిగానన్న సంగతి వాళ్లకెలా తెలిసిందో తెలియదు. వేలు తెగినామె ఒకరోజు టిఫిన్ డబ్బా మూతలో నాకూ ఇంత రాగి సంగటి పెట్టింది.

రాయలసీమలో పిల్లలకు మన్రోలప్ప, మన్రోలయ్య అని పేర్లు పెట్టుకున్నారు. కడప సీమలోని గండి దగ్గర కొండల నడుమ బంగారు తోరణం ఆయనకు కనబడిందని కథ అల్లుకున్నారు. 1827లో స్వదేశం వెళ్లబోయే ముందు ఆ సీమను కడసారి చూడాలని బయల్దేరి, జులై 6న పత్తికొండలో కలరాతో కన్నుమూశాడు. గుత్తిలో పాతిపెట్టారు, తర్వాత మద్రాసు కోటలోని చర్చికి తరలించారు.

1799లో ధర్మపురి వదిలేటప్పుడు ఇంటికి రాసిన ఉత్తరంలో ఆయన బెంగ పెట్టుకున్నది తన తోట మీద. ఒకపక్క కొండలు, ఇంకోపక్క ముసలి మామిడితోపు. నడుమ వంద అడుగుల చదరాన కోనేరు, చుట్టూ రాతి మెట్లు, నిలువు మునిగే నీళ్లు. ఊళ్లో ఉన్నప్పుడు రోజుకో గంట అక్కడే గడిపేవాడట. ఇప్పుడు పాత స్నేహితులను వదిలినట్టుందన్నాడు. పత్తికొండలో ఆయన పోయిన చోట సర్కారువారు చెట్ల తోపు వేయించి, మెట్లతో ఒక బావి కట్టించారు. ఆ బావికీ రాతి మెట్లే.