కుండకు పట్టిన చెమట

ఏప్రిల్ 21, బందరు
హైదరాబాద్ నుంచి సామానుతోపాటు కూలర్ కూడా లారీ ఎక్కింది. అక్కడ మిట్టమధ్యాహ్నం దాని ముందు కూర్చుంటే దుప్పటి అడిగేవాళ్లం. ఇక్కడ రాత్రంతా తిరిగింది. తెల్లారేసరికి ఒళ్లు జిడ్డు, డబ్బాలో అప్పడాలు మెత్తన. సముద్రపు గాలి అప్పటికే పీకలదాకా నీళ్లు తాగి వస్తోంది, కూలర్ గడ్డిలో తడిని ఇంకేం పీల్చుకుంటుంది? లారీ బాడుగ దండగ.

ఏప్రిల్ 23
అత్తయ్య కొత్త కుండ తెప్పించారు. నిరుటిది బాగానే ఉంది కదా అంటే, "దానికి చెమట పట్టడం మానేసిందమ్మాయ్" అన్నారు. వేలితో తడిమి చూశాను. పాతదాని ఒంటి మీద ఉప్పు తెల్లగా పేరుకుని సన్నరంధ్రాలు పూడుకుపోయాయి. కొత్తదాని అడుగున ఇసుక నల్లగా తడిసింది.

లెక్క వేశాను. ఒక్క గ్రాము నీరు ఆవిరవుతూ దాదాపు 580 కేలరీల వేడి పట్టుకుపోతుంది. అయిదు లీటర్ల కుండలోంచి 50 గ్రాములు, అంటే అరగ్లాసు కూడా కాదు, పోతే చాలు. బయటి వేడి లోపలికి రాకుంటే మిగతా నీళ్లు అయిదారు డిగ్రీలు దిగుతాయి. బందరులో అంత దిగవు. అయినా ఫ్రిజ్ నీళ్లు ఎవరూ ముట్టడం లేదు.

ఏప్రిల్ 30
ఫోన్లో పడి పెనం మర్చిపోయాను. నీళ్లు చిలకరిస్తే చుయ్‌మనలేదు. చుక్కలు ముత్యాల్లా గుండ్రమై అంచుదాకా పరుగెత్తాయి, ఎంతకీ ఇగరవు. పెనం సుమారు 200 డిగ్రీలు దాటితే చుక్క తన అడుగునుంచి లేచిన ఆవిరి మీదే తేలుతుంది. ఆ ఆవిరే వేడిని అడ్డుకుంటుంది. లైడెన్‌ఫ్రాస్ట్ అనే జర్మన్ వైద్యుడు 1756లోనే, ఎర్రగా కాల్చిన ఇనప గరిటెలో దీన్ని చూసి రాశాడు. ఆయనకు దోసెల బాధ లేదు. నా పిండి గరిటెకు చుట్టుకుంది.

మే 9
పెళ్లివారి వంటశాల. పెద్ద పొయ్యి మంట సన్నగిల్లింది. సిలిండర్ కింది భాగమంతా చెమటలు! ఇది కుండ చెమట కాదు. కుండ తన నీళ్లు బయటికి పంపుతుంది, ఇది గాలిలో తేమను ఒంటికి పట్టించుకుంటోంది. లోపల గ్యాస్ ద్రవంగా ఉంటుంది. అది మరిగి వాయువు కావడానికి కావలసిన వేడిని సిలిండర్ ఇనుములోంచే లాక్కుంటుంది. ఎక్కువ వాడితే ఇనుము చల్లబడి, మరగడమే తగ్గిపోతుంది.

వంటమాస్టరు సిలిండర్ను నీళ్లు పోసిన గంగాళంలో నిలబెట్టాడు. వేడినీళ్లు కావు, ట్యాంకు నీళ్లే. కాసేపటికి మంట మళ్లీ పెరిగింది. ఎవరూ చూడకుండా గంగాళంలో చెయ్యి పెట్టాను. మా కుండలో నీళ్లకంటే చల్లగా ఉన్నాయి.