తలూపడం కూడా నేర్చుకోవాలిట!

పొద్దున్నే లేచి పాలవాడికి తలుపు తీయబోతే మెడ పక్కకి తిరగని రోజులు మీకూ ఉండే ఉంటాయి. "దిండు సరిగ్గా పడలేదులే" అని సర్దుకుంటాం కదూ! నేను రెండేళ్లు సర్దుకున్నాను. వెనక వచ్చే బండిని తిరిగి చూడలేక స్కూటీ తొక్కడం మానేశాను. కూరగాయలకి కూడా మా వారి తీరికే దిక్కయింది. ఒక డాక్టరుగారు మెడకి పట్టీ వేసుకోమన్నారు. ఎన్నాళ్లో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు. నాలుగు నెలలు దాంతోనే వంట చేశాను. తీసేసరికి మెడమీద గుమ్మడికాయ మోస్తున్నట్టుంది!

చివరికి మా ఆడపడుచు పోరు పెట్టి ఫిజియోథెరపీకి తీసుకెళ్లింది. అక్కడి అమ్మాయి నన్ను వెల్లకిలా పడుకోబెట్టి, మెడ కింద చిన్న గాలిసంచీ పెట్టింది. దానికో గొట్టం, బీపీ మిషన్‌కి ఉన్నట్టు ముల్లు, నొక్కే బుడ్డి. గాలి కొట్టి ముల్లుని 20 దగ్గర నిలిపి, "ఆంటీ, 'అవును' అన్నట్టు మెల్లిగా తలూపండి. ముల్లు 22కి రావాలి. అక్కడే పది సెకన్లు ఉంచండి" అంది.

ఓస్, ఇంతేనా అనుకున్నాను. నిండు బిందెలు మోసినదాన్ని! గడ్డం బిగించి నొక్కితే ముల్లు ఒక్క ఉదుటున 36కి పోయింది. "పై కండలతో తోస్తున్నారాంటీ" అని నా వేళ్లు నా మెడమీదే పెట్టింది. చెవి వెనక నుంచి కంఠం దాకా తాళ్లలా లేచి ఉన్నాయి. అవి మెత్తగా ఉండాలిట. పని చేయాల్సినవి అన్నవాహిక వెనక, వెన్నెముకని అంటుకుని ఉండే సన్నటి కండలు. మెడని లోపలి నుంచి నిలబెట్టేవి అవే. మెడనొప్పి పట్టుకున్నవాళ్లలో చాలామందికి అవి బలహీనపడి, ఆ చాకిరీ పై కండల మీద పడుతుందిట. (మన ఇళ్లలో జరిగేదీ ఇదేగా!)

ఈ పద్ధతికి రూపమిచ్చినవాళ్లలో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయానికి చెందిన గ్వెండొలెన్ జల్ ముఖ్యురాలు. మెడ వల్ల వచ్చే తలనొప్పి ఉన్న 200 మందితో ఆవిడ బృందం చేసిన పరిశోధన 2002లో వెలువడింది. ఆరు వారాల ఇలాంటి వ్యాయామంతో వచ్చిన మేలు ఏడాది తర్వాతా నిలిచిందిట.

మొదటి వారమంతా 22 దగ్గరే వణికాను. అది కుదిరాక 24, తర్వాత 26, అలా రెండేసి చొప్పున 30 దాకా వెళ్లాలి. ఒక్కోచోట పది సెకన్లు, పదిసార్లు. నెలన్నరకి 28 దాకా వచ్చాను. 30 ఇంకా చిక్కలేదు.

మిషన్ కొనలేదండీ. ఒకసారి పట్టు తెలిశాక ఇంట్లో తువ్వాలు మడిచి మెడ కింద పెట్టుకుంటే చాలంది ఆ అమ్మాయి. తల పరుపు మీంచి లేవకూడదు, ఊపిరి బిగబట్టకూడదు, నొప్పి పుడితే ఆపేయాలి. చెయ్యి తిమ్మిరెక్కినా, వేళ్లలో పట్టు తగ్గినా, దెబ్బ తగిలాక నొప్పి మొదలైనా మాత్రం ముందు డాక్టరుకి చూపించుకోండి.

మొన్న స్కూటీ మీద రైతుబజారుకి వెళ్లాను. వెనక ఆటోవాడు హారన్ కొడితే తిరిగి చూశాను, తల ఒక్కటే తిప్పి!

నన్ను దింపడానికొచ్చిన మా వారు కూడా ఓ రోజు సరదాగా ఆ సంచీ మీద తల పెట్టారు. ముల్లు 40 దాటింది. "ముప్ఫై ఏళ్లుగా నీ మాటకి తలూపుతూనే ఉన్నానే, ఇంకా రాలేదా?" అన్నారు.