రాత్రి చలివేంద్రము

చిల్కూరు వేంకటేశ్వరస్వామి కోవెలలో హుండీ లేదు. కోరిక చెప్పుకొనువారు 11 ప్రదక్షిణములును, అది తీరినవారు 108 ప్రదక్షిణములును చేయుదురు. పరదేశములకు పోగోరు విద్యార్థులు విశేషముగా వచ్చుటచే స్వామికి ‘వీసా బాలాజీ’ యను పేరు వచ్చినది. మా మేనల్లునికై మేమును అచట తిరిగినవారమే. ఆ బాటకు చేరువనే, మొయినాబాదు, చేవెళ్ల ప్రాంతపు తోటలలో, ఫారంహౌసులని పిలువబడు విడిదియిండ్లు పెక్కు వెలసినవి. సెలవుదినముల రాత్రులందు వానిలో కొన్నిట నాట్యములు సాగుటయు, ఒక్కొక్కమారు పోలీసులు చుట్టుముట్టి మత్తుపదార్థములను పట్టుకొనుటయు చదువరులు పత్రికలలో చూచుచునే యున్నారు. ఆ వార్త చదివి, “ఈ కాలపు పిల్లలు చెడిపోయిరి” అని యొక్క మాట యని, కాఫీ చల్లారకముందే మరియొక వార్తకు పోవుట మన గృహస్థుల యాచారము.

మమ్ము మాత్ర మొక ప్రశ్న వదలలేదు. పోలీసులు రాకమునుపే ఆ తోటలో నొక పిల్లవాడు ఏదో మాత్ర మ్రింగి, ఒళ్లు కాలిపోవుచు క్రిందపడెనేని, ప్రక్కనున్న స్నేహితుడు ఎవరిని పిలుచును? 2005లో మన హైదరాబాదుననే ఆరంభమైన 108 వాహనము నున్నది. (స్వామి ప్రదక్షిణముల సంఖ్యయు నదియే!) కాని పోలీసులు వత్తురేమో, తండ్రికి తెలియునేమో యను భయముచే, ముఖముపై నీళ్లు చల్లి, తెల్లవారువరకు చూతమని యూరకుండుటయే యెక్కువ సంభవమని మేము తలంతుము. మన కోపము గంజాయికంటెను, మాత్రకంటెను ముందుగా ఆ స్నేహితుని చేయి పట్టుకొని ఆపుచున్నది.

ఇట్టి రాత్రులను గూర్చి యోచించి, పనికి పూనుకొన్నవారు మన పిల్లలు చేరగోరు అమెరికాలోనే కనబడిరి. 1998లో సాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతమున ఎమాన్యుయెల్ స్ఫెరియోస్ అనునతడు ‘డాన్స్‌సేఫ్’ అను సంఘమును స్థాపించెను. అంతకుమునుపే, 1992 నుండి, హాలండు దేశమున ప్రభుత్వ ప్రోత్సాహముతో మాత్రలను పరీక్షించు పద్ధతి యుండెను. అమెరికాలో నట్టి యండ లేదు. నాట్యప్రియులగు యువతీయువకులే జీతము లేక, రాత్రి తెల్లవార్లు, నాట్యశాలలో నొక మూల బల్ల వేసికొని కూర్చుండిరి. బల్లపై మంచినీళ్లు, చెవులలో పెట్టుకొను దూదిమొగ్గల వంటి సాధనములు, ఒక్కొక్క మత్తుపదార్థము శరీరమునకేమి చేయునో తెలుపు కరపత్రములు. ‘ఎక్‌స్టసీ’ యని యమ్మబడు మాత్రను గోకి, ఆ పొడిపై నొక చుక్క ద్రావకము వేయుదురు. ఊదాతో కూడిన నలుపు వచ్చెనా, అందు ఎం.డి.ఎం.ఏ. యుండవచ్చును, వేరు రంగు వచ్చెనా, అమ్మినవాడు అబద్ధమాడినట్లే. రంగు చూచి పరిమాణము తెలియదు, కలిసిన యితర విషములు తెలియవు. కనుక ఆ సేవకులు ఏ మాత్రనుగాని ‘మంచిది’ యని చెప్పరు. ఈ నియమమే మా గౌరవమును చూరగొన్నది.

2000లో అమెరికా వైద్యసంఘ పత్రికలో వెలువడిన యొక లేఖలో, స్ఫెరియోస్‌తోపాటు కొందరు పరిశోధకులు 107 మాత్రలను ప్రయోగశాలలో పరీక్షింపించిన ఫలితములు గలవు. ఆ మాత్రలలో నూటికి 63 మాత్రమే ఆ పదార్థముగాని దాని జాతిదిగాని కలిగియుండెను. మిగిలినవానిలో దగ్గుమందులలో వాడు డెక్‌స్ట్రోమెథార్ఫాన్ ఎక్కువగా కనబడెను. దొంగసరుకున కల్తీ యుండుట వింత కాదు. అది కొనువానికి చెప్పువారుండుటయే వింత.

నీళ్ల మాటయు నంత సులభము కాదు. ఎం.డి.ఎం.ఏ. ఒంటి వేడిని పెంచును. మూసిన గదిలో గంటలకొలది యాడువాడు వడదెబ్బ తిన్నవానివలె కూలును. అట్లని నీళ్లే మందని బిందెడు త్రాగినను ప్రాణాపాయమే. 1995లో ఇంగ్లండున నొక 18 ఏండ్ల బాలిక, స్వల్పకాలములో మితిమీరి నీళ్లు త్రాగి, రక్తములోని ఉప్పు పలుచనై, మెదడు వాచి మరణించినది. అందుచే ఆ బల్లవద్ద, కొద్దికొద్దిగా త్రాగుము, కొంతసేపు చల్లగాలిలో కూర్చుండుము అని చెప్పుదురు.

ఈ పనికి శాసనమే యడ్డు వచ్చినది. 2002లో ప్రతిపాదింపబడిన చట్టపు తొలిచిత్తులో, నాట్యశాలలలోని నీళ్లసీసాలను, చల్లనిగదులను గూడ మత్తువ్యాపారపు గురుతులుగా పేర్కొనిరి. ఆ మాటలు తొలగించియే 2003లో చట్టము చేసినను, భయము మిగిలినది. సేవకులను పిలిచినచో తమ శాలలో మత్తు గలదని తామే యొప్పుకొన్నట్లగునని యజమానులు వెనుకాడిరి. 2013లో వాషింగ్టను నగరపు నాట్యశాలలో వేడిమిచే కూలిన 19 ఏండ్ల కుమార్తెను కోల్పోయిన డీడీ గోల్డ్‌స్మిత్ అను తల్లి, ఆ చట్టమును సవరింపుడని యుద్యమించెను. కూతురి నడవడిని దాచుకొనక, లోకము ముందు నిలిచి, ఇతరుల పిల్లలకై మాటాడిన యా తల్లి ధైర్యము మన యిండ్లలో నెందరికి గలదు?

మన 1985 నాటి చట్టమున 25వ సెక్షను, తెలిసి తన స్థలమున నేరము జరుగనిచ్చిన యజమానిని శిక్షించును. చికిత్సకు తానై పోవు వ్యసనపరునికి 64ఏ సెక్షను కొంత రక్ష యిచ్చును. పడిపోయినవానికై వైద్యుని పిలిచిన స్నేహితుని మాట యందు లేదు. న్యూమెక్సికో రాష్ట్రము 2007లోనే యట్టివానికి రక్ష కల్పించినది.

ఇదంతయు దురలవాటును ప్రోత్సహించుట గాదా యని మా యింటిలోనే పెద్దమ్మ గద్దించినది. వేసవిలో చలివేంద్రము పెట్టువారు బాటసారిని సంతకు పోవుచున్నావా, కల్లుదుకాణమునకా యని యడుగుదురా యని మేమంటిమి. ఆమెకు తృప్తి కలుగలేదు. కల్లు పేరెత్తగానే మాత్రము ఆలోచనలో పడినది. 2015లో కల్తీకల్లును అరికట్టినప్పుడు, అందు కలిపిన నిద్రమందులకు ఏండ్లకొలది మరిగిన కూలిజనము, హఠాత్తుగా నది దొరకక వణకుచు, మూర్ఛిల్లుచు నిజామాబాదు, మహబూబునగరు ఆసుపత్రులకు చేరిన సంగతి ఆమె యెరుగును. కల్తీ ఆపవలసినదే, త్రాగువాని గతి యేమని ముందుగా నెవరును అడుగలేదు.

చిల్కూరు చుట్టును కళాశాలలకు కొదువ లేదు. మాత్రల పరీక్ష మన చట్టమున చిక్కులు తెచ్చును గాని, నీళ్లిచ్చుటకు, చల్లని చోటు చూపుటకు అనుమతి యక్కరలేదు. ఒళ్లు కాలుచు మాట తడబడువానిని నీడకు చేర్చి, తడిబట్టతో తుడిచి, 108కి చెప్పవలెను. స్పృహ తప్పి యూపిరి యాడువానిని ప్రక్కకు ఒత్తిగిలజేసి పరుండబెట్టి, వాహనము వచ్చువరకు విడువక కూర్చుండవలెను. ఏమి మ్రింగెనో వైద్యునికి దాచక చెప్పవలెను.